మాక్లూర్ నోటుపుస్తకంలో విశ్వం

గత మాసం ఒక రాత్రి మాక్లూర్‌లో ఇషా నమాజు ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటున్న వేళ, ఒక పెద్దాయన అట్ట వేసిన నోటుపుస్తకం ఒకటి నా చేతిలో పెట్టారు. “మాస్టర్‌సాబ్, వరికోతలయ్యాక నలభై రోజులు కూర్చుని రాశాను. తప్పయితే తప్పనండి, ఏమీ అనుకోను. చదవకుండా మాత్రం అనకండి” అన్నారు. వరి, పసుపు పండించే రైతు. చదువు ఏడో తరగతి. హజ్ చేసి వచ్చినందున ఊరంతా ఆయనను హాజీసాబ్ అంటారు. ఇక్కడ నేనూ అలాగే పిలుస్తాను.

పుస్తకం మొదటి పుటలో బిస్మిల్లాహ్. రెండో పుట నుంచి కృష్ణబిలాలు, అంటే మన పిల్లలు బ్లాక్ హోల్స్ అనేవి. విశ్వం ఎలా పుట్టింది, ఎలా ముగుస్తుంది, మధ్యలో మనం ఎక్కడ ఉన్నాం అన్న మూడు ప్రశ్నలకు హాజీసాబ్ తనకు తోచిన జవాబులు రాశారు. బాణం గుర్తులు, వలయాలు, అంచుల్లో ఆయతుల సంఖ్యలు. నవ్వుకుంటూ చదవడం మొదలుపెట్టాను. పదిహేనో పుటకు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

ఆ పుట పక్కన వేరే చేతివ్రాతలో ఒక వాక్యం ఉంది. నిజామాబాద్‌లో ఇంటర్మీడియట్ చదువుతున్న ఆయన మనవడు పెన్సిలుతో రాసినది: “దాదా, ఇది తప్పని మా క్లాసులో నిరూపించారు. అయితే ఆయతు కూడా తప్పేనా?”

ఈ నెల శీర్షికకు ఆ పెన్సిలు వాక్యమే కారణం. హాజీసాబ్ అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దన్నారు.

ముందుగా ఒక మాట. ఏడో తరగతి చదివిన రైతుకు కృష్ణబిలాలతో ఏమిటి పని అని వెక్కిరించేవారు మన మధ్య ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. భూమ్యాకాశాల సృష్టి గురించి, రేయింబవళ్ళ రాకపోకల గురించి ఆలోచించేవారిని ఆలి ఇమ్రాన్ సూరా 190, 191 ఆయతులు బుద్ధిమంతులుగా పేర్కొన్నాయి. నిలబడి, కూర్చుని, పడుకుని కూడా అల్లాహ్‌ను స్మరిస్తూ యోచించేవారు వారు. ఆ వర్ణనలో పట్టా పుచ్చుకున్నవారు అనే షరతు ఎక్కడా లేదు.

మన దక్కనులో కూడా వృత్తిరీత్యా కాక కేవలం ఇష్టం కొద్దీ ఆకాశాన్ని చూసినవారు ఉన్నారు. హైదరాబాద్ సంస్థానపు అమీరు నవాబు జఫర్ జంగ్ ఖగోళ పండితుడు కాదు. అయినా ఇంగ్లాండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించుకొని, 1901లో ఫిసల్ బండలోని తన ఆవరణలో వేధశాల నెలకొల్పారు. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టారు. నవాబు 1907లో మరణించారు. మరుసటి ఏడాది సంస్థానం దానిని స్వాధీనం చేసుకుంది. తరువాత అది బేగంపేటకు తరలింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆకాశమంతటినీ వాటాలు వేసుకొని ఛాయాచిత్రాలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేయాలన్న అంతర్జాతీయ ప్రయత్నంలో మన హైదరాబాద్ వాటా పనిని అక్కడివారు ఏళ్ళ తరబడి చేశారు. ఒక్కొక్క గాజు పలక మీద ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి లక్షలాది నక్షత్రాలను నమోదు చేశారు. ఒక వ్యక్తి సరదాగా మొదలైనది కొలతగా మారితే ఎంత దూరం పోతుందో దానికి ఇది సాక్ష్యం. ఆ కొలతే హాజీసాబ్ పుస్తకంలో కొరవడింది. ఆయనతో కూడా ఇదే చెప్పాను.

ఇప్పుడు ఆయన మొదటి ఊహకు వద్దాం. మన విశ్వమంతా ఒక పెద్ద కృష్ణబిలం లోపల ఉందని ఆయన రాశారు. వెర్రి ఊహ అని కొట్టిపారేయబోయి ఆగాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం లెక్క తప్పదు. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా కట్టగలిగినదే.

ఏ వస్తువునైనా నొక్కుతూ పోతే, ఒక హద్దు దాటాక దాని నుంచి కాంతి కూడా తప్పించుకోలేదు. ఆ హద్దు ఎంతో 1916లో జర్మనీ దేశస్థుడు కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ ఇచ్చిన పరిష్కారం నుంచి తెలుస్తుంది. ఐన్‌స్టీన్ సమీకరణాలు వెలువడి కొద్ది నెలలే అయింది, ఆయన యుద్ధరంగంలో సైనికోద్యోగంలో ఉన్నాడు. సూర్యుడికి ఆ హద్దు సుమారు 3 కిలోమీటర్లు. అంటే 7 లక్షల కిలోమీటర్ల వ్యాసార్ధం గల సూర్యుణ్ణి మాక్లూర్ ఊరి పొలిమేరల్లో ఇమిడేలా కుదిస్తే కృష్ణబిలమవుతాడు. రెండు సూర్యుల బరువుకు 6 కిలోమీటర్లు, పది సూర్యులకు 30. బరువు ఎన్ని రెట్లయితే హద్దు అన్ని రెట్లు. మన పాలపుంత నడుమ, ధనూరాశి దిక్కున ఉన్న కృష్ణబిలం 40 లక్షల సూర్యుల బరువు గలది. దాని హద్దు 1 కోటి 20 లక్షల కిలోమీటర్లు. బుధగ్రహం తిరిగే కక్ష్యలో సులభంగా పట్టేస్తుంది.

ఇక్కడ ఒక వింత ఉంది. బరువు రెట్టింపయితే వ్యాసార్ధం రెట్టింపు, ఘనపరిమాణం మాత్రం ఎనిమిది రెట్లు. కాబట్టి సాంద్రత నాలుగో వంతుకు పడిపోతుంది. కృష్ణబిలం పెద్దదయ్యే కొద్దీ దాని సగటు సాంద్రత పలచబడుతుంది. 13, 14 కోట్ల సూర్యుల బరువున్నదాని సగటు సాంద్రత మంచినీళ్ళంతే. ఇంకా పెంచుకుంటూ పోతే గాలికన్నా పలచనిది కూడా కృష్ణబిలం కావచ్చు. అలా విశ్వం దాకా వెళితే? ఘనపు మీటరుకు ఐదారు హైడ్రోజన్ పరమాణువులంత పలచని సగటు సాంద్రతతో లెక్క కడితే వచ్చే హద్దు, విశ్వం విస్తరించే వేగం కాంతివేగానికి సమానమయ్యే దూరంతో సరిపోతుంది. 1972లో భారతీయ భౌతిక శాస్త్రవేత్త రాజ్ పాత్రియా ‘నేచర్’ పత్రికలో విశ్వమే కృష్ణబిలం కావచ్చా అన్న చర్చను ప్రకటించారు కూడా. హాజీసాబ్ ఆ పత్రిక చూసి ఉండరు. స్వయంగా ఆలోచించి అదే గుమ్మం దాకా వచ్చారు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ముఖం చూడవలసింది.

అయితే గుమ్మం దాకా రావడం వేరు, లోపలికి పోవడం వేరు. కృష్ణబిలంలో పడినదానికి ఆ చివరి బిందువు భవిష్యత్తులో ఉంటుంది. ఎటు తిరిగినా అటే పోతుంది. మన విశ్వానికి అటువంటి బిందువు గతంలో ఉంది. అక్కడి నుంచి సమస్తం దూరంగా జరుగుతోంది. రెండింటి బాణాలు ఎదురెదురు దిక్కులు. అదీగాక కృష్ణబిలమన్నాక దానికి వెలుపల అంటూ ఒకటుండాలి, విశ్వానికి వెలుపల ఏముందో చూపే కొలత ఏదీ లేదు. లెక్కలో అంకెలు కలిసినంత మాత్రాన వస్తువులు ఒకటి కావు. ఈ ఊహను అంతటితో పక్కన పెట్టవచ్చునని నా అభిప్రాయం. దీనిని ఇంకా కొందరు పండితులు వేర్వేరు రూపాల్లో పరిశీలిస్తూనే ఉన్నారు, అది వారి పని.

ఈ మొదటి ఊహ తప్పయితే ఎవరికీ నష్టం లేదు. నష్టమంతా రెండో ఊహతోనే. పెన్సిలు వాక్యం ఉన్నది ఆ పుట పక్కనే.

తక్వీర్ సూరా 15, 16 ఆయతుల్లో వెనక్కి తగ్గే, సాగిపోయే, దాక్కునే వాటి మీద ప్రమాణం ఉంది. అల్ ఖున్నస్, అల్ జవార్, అల్ కున్నస్ అన్న ఆ మూడు పదాలు కృష్ణబిలాలేనని, ‘కున్నస్’ అంటే చీపురులా ఊడ్చేవి కనుక నక్షత్రాలను ఊడ్చుకుపోయే కృష్ణబిలాల గురించే ఆ మాట అని హాజీసాబ్ రాశారు. ఇది ఆయన సొంత ఊహ కాదు. ఎక్కడో ప్రసంగంలో విన్నారు. ఈ మాట మన ఇళ్ళలో చాలాకాలంగా తిరుగుతోంది, మీలో ఎందరో వినే ఉంటారు. నేను కూడా ఒకప్పుడు తరగతిలో చెప్పాను. దానికి పశ్చాత్తాపపడుతున్నాను.

ఈ వాదం అటు భాష వైపు నుంచీ నిలవదు, ఇటు భౌతికశాస్త్రం వైపు నుంచీ నిలవదు. భాష సంగతి చూడండి. ఇక్కడ మన ముఫస్సిర్లు చెప్పుకున్న మూలం ‘కినాస్’. పొదల్లో జింక దాక్కునే చోటును అరబ్బులు ఆ పేరుతో పిలుస్తారు. హజ్రత్ అలీ (రజి) నుంచి వచ్చిన వివరణ ప్రకారం ఇవి పగలు మరుగుపడి రాత్రి కనిపించే నక్షత్రాలు. హజ్రత్ ఇబ్ను మస్ఊద్ (రజి) నుంచి వచ్చిన మరో వివరణలో అడవి ఆవులు. ఎడారిలో ఒంటె మీద పోయే మనిషి రాత్రి తలెత్తితే చుక్కలు కనిపిస్తాయి, తెల్లవారితే అవి గూటికి చేరిన జింకల్లా మాయమవుతాయి. ఆ దృశ్యాన్ని 1,400 ఏళ్ళుగా చదువురాని ముస్లిం కూడా ఇంటి అరుగు మీద కూర్చుని చూశాడు. ఆయతు అర్థం కావడానికి అతడు 20వ శతాబ్దం దాకా ఆగవలసి వచ్చిందా?

భౌతికశాస్త్రం మాట ఇంకా సూటిగా ఉంటుంది. కృష్ణబిలం చీపురు కాదు. ఇప్పుడు మన సూర్యుడి స్థానంలో అంతే బరువున్న కృష్ణబిలాన్ని పెడితే భూమి దానిలోకి ఊడ్చుకుపోదు. ఇప్పుడు తిరుగుతున్న కక్ష్యలోనే తిరుగుతుంది. చీకటి కమ్ముతుంది, చలికి చస్తాం, అది వేరే విషయం. దగ్గరికి పోయినవే పడతాయి. పాలపుంత నడుమ ఉన్న ఆ 40 లక్షల సూర్యుల బిలం చుట్టూ నక్షత్రాలు ఎన్నో ఏళ్ళుగా చక్కగా తిరుగుతూనే ఉన్నాయి. వాటి తిరుగుడును ఏళ్ళ తరబడి కొలిచే దాని బరువు కనుక్కున్నారు. మనవడి తరగతిలో జరిగింది ఇదే. ఒక కుర్రవాడు ఆయతును కృష్ణబిలమని చెప్పాడు, మరొకడు కృష్ణబిలాలు ఊడ్చవని పుస్తకం తెరిచి చూపాడు. ఓడిపోయింది ఊడ్చడమన్న మాట. ఇంటికి వచ్చిన పిల్లవాడి మనసులో మాత్రం ఆయతే ఓడిపోయింది.

ఇది చిన్న విషయం కాదని నా మనవి. దీన్ మీద పిల్లలకు అనుమానం కలిగించేది శాస్త్రమని మనం భయపడతాం. ఈ పిల్లవాడి విషయంలో అనుమానం కలిగించింది మన సొంత ప్రేమే. ఆయతుకు సాయం చేద్దామనుకొని దానికి లేని బరువు ఎత్తాం. ఆ బరువు కింద పడింది. ఇమామ్ గజాలీ (రహ్) హిజ్రీ 5వ శతాబ్దం చివర రాసిన ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ ఉపోద్ఘాతంలో గ్రహణాల లెక్కను ఉదాహరణగా తీసుకున్నారు. భూమి అడ్డు వచ్చి చంద్రగ్రహణం కలుగుతుందన్నది లెక్కతో తేలిన విషయమనీ, దానిని కాదనడమే ధర్మరక్షణ అనుకునేవాడు ధర్మానికే హాని చేస్తున్నాడనీ ఆయన అభిప్రాయం. తత్వవేత్తలు విశ్వం అనాదిగా ఉందంటే ఖండిస్తూ ఒక గ్రంథమే రాసిన మనిషి, గ్రహణం దగ్గరికి వచ్చేసరికి వారితో గొడవ పెట్టుకోవద్దన్నారు. ఎక్కడ పోరాడాలో ఎక్కడ ఊరుకోవాలో తెలిసినవాడు.

దీనికి మూలం ఇంకా పైన ఉంది. దైవప్రవక్త (సఅసం) కుమారుడు ఇబ్రాహీం పసితనంలో మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ లెక్కల ప్రకారం అది క్రీ.శ. 632 జనవరి 27 అంటారు. మదీనా ప్రజలు పసివాడి మృతికి సూర్యుడే నల్లబడ్డాడని అనుకున్నారు. ప్రవక్త మీద ప్రేమతో పుట్టిన ఊహ అది, ఆయన ప్రతిష్ఠను పెంచే ఊహ కూడా. కొడుకును అప్పుడే ఖననం చేసిన తండ్రి మౌనంగా ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనల్లో రెండు సూచనలనీ, ఎవరి చావుకోసమో పుట్టుకకోసమో వాటికి గ్రహణం పట్టదనీ చెప్పి, నమాజుకు నిలబడమన్నారు. తనకు అనుకూలమైన తప్పును సరిదిద్దడం కన్నా కష్టమైన పని లోకంలో మరొకటి లేదు. హాజీసాబ్‌కు ఈ సంఘటన గుర్తుచేయగానే ఆయన తలవంచి చాలాసేపు మాట్లాడలేదు.

అప్పుడు నాకు ఒక తోడు కథ చెప్పాలనిపించింది, ఇది మన ఇంటిది కాదు. విశ్వం ఒకప్పుడు అతి చిన్నదిగా, అతి సాంద్రంగా ఉండి విస్తరించిందన్న భావాన్ని 1927, 1931 సంవత్సరాల్లో ముందుకు తెచ్చిన జార్జ్ లమేత్ర్ బెల్జియం దేశపు క్రైస్తవ మతగురువు, గణితజ్ఞుడు కూడా. నమాజు వంటిది ఎన్నడూ మానని మనిషి. మహావిస్ఫోటం అన్న ఎగతాళి పేరు దానికి 1949లో ఫ్రెడ్ హోయిల్ అనే ప్రతిపక్షి రేడియోలో పెట్టాడు. 1951 నవంబరులో పోప్ 12వ పయస్ తన ప్రసంగంలో, సృష్టి జరిగిందని శాస్త్రమే సాక్ష్యమిస్తోందన్న ధోరణిలో మాట్లాడారు. సంతోషించవలసిన లమేత్ర్ కలవరపడ్డారు. తన సిద్ధాంతం రేపు మారవచ్చు, దానిని విశ్వాసానికి గుంజగా పాతవద్దన్నది ఆయన బాధ. సిద్ధాంతం మతసంబంధమైన ప్రశ్నకు వెలుపలే ఉందని ఆ తరువాత కూడా అన్నారు. తన మతానికి పెద్ద దిక్కు తన సిద్ధాంతాన్ని మెచ్చుకుంటుంటే వద్దన్న మనిషి నాకు నచ్చాడు.

ఆయన భయపడినట్టు ఆ సిద్ధాంతం కూలలేదు, నిజమే. 1965లో అర్నో పెన్జియాస్, రాబర్ట్ విల్సన్ ఆకాశం అన్ని వైపుల నుంచీ వస్తున్న సన్నని సూక్ష్మతరంగాల రొదను పట్టుకున్నారు. విశ్వం వేడిగా ఉన్న నాటి చల్లారిన శేషం అది, ఇప్పుడు పరమశూన్యానికి 2.7 డిగ్రీలే పైన. మన ఇళ్ళ మీద వెదురు కర్రకు యాంటెనా కట్టిన రోజుల్లో, దూరదర్శన్ ప్రసారం ఆగాక తెర మీద చీమలు పాకినట్టు కనిపించేది గుర్తుందా? ఆ చీమల్లో కొద్ది భాగం ఆ శేషం తాలూకువే. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలన్న లెక్కలో దాని పాత్ర పెద్దది. ఇంత నిలిచిన సిద్ధాంతం విషయంలో కూడా లమేత్ర్ జాగ్రత్త అనవసరం కాలేదు. దానికి ఉదాహరణ హాజీసాబ్ మూడో ఊహలోనే దొరికింది.

అంబియా సూరా 104వ ఆయతులో ఆకాశాన్ని కాగితాలు చుట్టినట్టు చుట్టివేసే రోజు ప్రస్తావన ఉంది. విస్తరిస్తున్న విశ్వం ఒకనాడు ఆగి, మళ్ళీ ముడుచుకొని ఒకే కృష్ణబిలంగా ముగుస్తుందని, ఆయతు చెప్పింది అదేనని హాజీసాబ్ రాశారు. నా యౌవనంలో ఈ ముడుచుకునే విశ్వం అందరి నోటా ఉండేది, పండితుల్లోనూ చాలామంది ఆ అవకాశాన్ని గట్టిగా పట్టుకున్నారు. 1998లో దూరపు సూపర్‌నోవాలను కొలిచిన రెండు బృందాలు విస్తరణ మందగించడం లేదు, వేగం పుంజుకుంటోందని ప్రకటించాయి. ఆ పనికి 2011లో నోబెల్ వచ్చింది. ముడుచుకునే విశ్వం వెనక్కి పోయింది. ఇప్పుడు కొన్ని ఏళ్ళుగా ఆ వేగం కారణమైన శక్తి బలహీనపడుతోందేమోనన్న సూచనలు కొత్త పరిశీలనల్లో కనిపిస్తున్నాయి, ఇంకా తేలలేదు. ఇలా ఒక తరంలో అటు, మరో తరంలో ఇటు ఊగే తరాజులో ఆయతును పెట్టి తూచవలసిన అవసరం ఎవరికొచ్చింది? ప్రళయదినాన్ని తెచ్చేది ఎవరో ఆయతు చెప్పింది. ఏ భౌతిక క్రమంలో తెస్తాడో మనకు అప్పగించలేదు.

హాజీసాబ్ ఇక్కడ గట్టిగా ఎదురాడారు. “అయితే ఆకాశాలు, భూమి మొదట కలిసి ఉండేవి, మేము విడదీశామన్న ఆయతు కూడా విస్ఫోటం కాదంటారా?” అన్నారు. అదే సూరాలోని 30వ ఆయతు ఆయన అడిగింది. కాదని నేను అనలేదు. అవునని కూడా అనలేదు. ఆ ఆయతును విశ్వారంభంతో పోల్చి చదివే నేటి పండితులు ఉన్నారు, ఆ పోలికలో ఆనందం ఉంది, దానిని పోలికగా చెప్పుకున్నంతవరకు నాకు అభ్యంతరం లేదు. హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) నుంచి ఉల్లేఖించబడిన వివరణ మాత్రం వేరు. ఆకాశం మూసుకుపోయి వాన కురవలేదు, భూమి మూసుకుపోయి మొలక రాలేదు. అల్లాహ్ దానిని వానతో, దీనిని మొలకతో తెరిచాడు. ఆయతు చివర నీటి ప్రస్తావన ఉన్నందున ఈ అర్థం ఎంతో చక్కగా కుదురుతుంది కూడా.

ఈ మాట విన్న హాజీసాబ్ ముఖంలో వెలుగు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. మృగశిర వచ్చినా చుక్క పడని ఏడు, నెర్రెలు విచ్చిన చెలకలో నిలబడి ఆకాశం వైపు చూసిన రైతు ఆయన. మూసుకుపోయిన ఆకాశం అంటే ఏమిటో, మూసుకుపోయిన నేల అంటే ఏమిటో ఆయనకు లమేత్ర్ చెప్పవలసిన పని లేదు. “ఇది నాకు తెలిసిన సంగతే కదా మాస్టర్‌సాబ్” అన్నారు నెమ్మదిగా.

మరి ఊహలు మానేయమని చెప్పానా? లేదు. ఇస్రా సూరా 36వ ఆయతు తెలియని దాని వెంట పడవద్దంటుంది, చెవి, కన్ను, మనసు మూడింటినీ లెక్క అడుగుతారని హెచ్చరిస్తుంది. చెవికి, కంటికి జవాబుదారీ ఉందంటే వాటిని వాడమనే కదా. ఊహను ఊహ అని పైన రాసి పెట్టుకున్నవాడు తెలియని దాని వెంట పడినట్టు కాదు. అతడు దానికి పరీక్ష పెట్టుకున్నాడు. ఐన్‌స్టీన్ కూడా 1917లో విశ్వం కదలక మెదలక ఉందని ఊహించి, అందుకోసం తన సమీకరణాల్లో అదనపు పదం చేర్చుకున్నాడు. 1939లో కృష్ణబిలాలు నిజంగా ఏర్పడవని కూడా రాశాడు. రెండింటిలోనూ కొలతలు ఆయనను కాదన్నాయి. ఆయన పేరు ఏమీ చెడలేదు.

ఇప్పుడు ఆ కొలతలు మన పొలిమేరకు కూడా వస్తున్నాయి. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు ఢీకొని ఒకటైన ప్రకంపనను పట్టుకున్నాయి. 4 కిలోమీటర్ల పొడవైన గొట్టాల పొడవులో వచ్చిన మార్పు ఒక ప్రోటాను వెడల్పుకన్నా వందల రెట్లు చిన్నది. ఆ విధమైన పరికరాన్నే మన దేశంలో మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢా దగ్గర కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలతో ఆమోదించింది. బోధన్ దాటి, సాలూర దగ్గర మంజీర దాటితే మహారాష్ట్ర, నాందేడ్ మీదుగా పోతే హింగోలి. మన చెరకు బండ్లు ఒకప్పుడు నడిచిన దారే కొంత దూరం. శ్రీహరికోట నుంచి 2024 జనవరి 1న ఎగిరిన ఎక్స్‌పోశాట్ ఉపగ్రహం పని కూడా కృష్ణబిలాల చుట్టూ పుట్టే ఎక్స్ కిరణాల తీరును కొలవడమే. పెన్సిలు పట్టుకున్న ఆ పిల్లవాడికి ఈ చిరునామాలు ఇచ్చాను. రేపు అక్కడ కూర్చునే ఇంజనీర్లలో, శాస్త్రజ్ఞుల్లో మాక్లూర్ మసీదు పిల్లలు ఎందుకు ఉండకూడదు?

అతని ప్రశ్నకు జవాబు కూడా అక్కడే, తాతగారి ఎదుటే చెప్పాను. బాబూ, ఆయతు తప్పు కాలేదు. దాని పక్కన మేము పెద్దలం రాసిన పంక్తి తప్పయింది. ఆ పంక్తి చెరిపేసే హక్కు నీకుంది, పెన్సిలు నీ చేతిలోనే ఉంది. పిల్లవాడు వెంటనే ఒప్పుకోలేదు. ఆలోచిస్తానన్నాడు. ఆ మాటే నాకు ధైర్యమిచ్చింది.

తరువాతి వారం మళ్ళీ కలిశాం. హాజీసాబ్ కొత్త నోటుపుస్తకం తెచ్చారు. ఎడమ పుటలో ఊహ, కుడి పుటలో అది తప్పని ఎలా తేలుతుందో రాయాలని మనవడు నియమం పెట్టాడట. ఆయతుల సంఖ్యలు ఏ పుటలోనూ లేవు, అవి విడిగా తిలావత్ పుస్తకంలోకి వెళ్ళాయి. కుడి పుటలు చాలా వరకు ఖాళీగానే ఉన్నాయి. “ఇటువైపు రాయడమే కష్టంగా ఉంది” అని ఆయన ఫిర్యాదు.

ఆ రాత్రి డాబా మీద కూర్చుని, మసీదు గోడ దగ్గరి వీధిదీపం తప్పించి, తూర్పున ఆండ్రోమెడా మండలపు మసక చుక్కను వెతికాం. అబ్దుర్రహ్మాన్ సూఫీ క్రీ.శ. 964 నాటి తన నక్షత్రాల గ్రంథంలో చిన్న మేఘమని నమోదు చేసినది దీనినే. అది మేఘం కాదు, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మరో నక్షత్రమండలమని తేలడానికి దాదాపు వెయ్యేళ్ళు పట్టింది. ఆయన మేఘంలా కనిపించిందని రాసి ఆగారు. దానికి పైన ఏమీ చేర్చలేదు.

కిందికి దిగాక పిల్లలకు లెక్క చూపిద్దామని పలక తీసుకున్నాను. సూర్యుడి బరువు భూమికి 3 లక్షల 33 వేల రెట్లు, సూర్యుడి హద్దు 3 కిలోమీటర్లు, కాబట్టి భూమిని కృష్ణబిలం చేయాలంటే 9 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి కుదించాలని రాశాను. మనవడు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకొని లేచాడు. “సార్, సెంటీమీటర్లు కాదు. మిల్లీమీటర్లు.”

మళ్ళీ కట్టి చూశాను. అతడు చెప్పిందే సరి. హాజీసాబ్ నా చేతిలోంచి పలక తీసుకొని, తన చొక్కా కొసతో నా అంకెను తుడిచేశారు.